తక్కువ సోడియం ఉప్పు: పల్లె వంటింట్లో ఎంతవరకు పనికొస్తుంది?

మండల కేంద్రాల్లోని కిరాణా దుకాణాల్లో ఇప్పుడు మామూలు అయోడైజ్డ్ ఉప్పు పక్కనే లో సోడియం, లైట్ అన్న పేర్లతో మరో రకం పాకెట్లు కనిపిస్తున్నాయి. ధర చూసి ఇది పట్నంవాళ్ళ సరుకని పక్కన పెట్టేవారు కొందరైతే, బీపీ మాత్ర మానేసి దీంతో సరిపెట్టుకోవచ్చని కొనేవారు మరికొందరు. నా దృష్టిలో మొదటివారు నష్టపోతున్నారు, రెండోవారు ప్రమాదంలో పడుతున్నారు. మా ఇంట్లో ఈ ఉప్పును కొన్ని నెలలుగా వాడుతున్నాం. వాడటం మొదలుపెట్టే ముందు దీనిపై గ్రామాల్లో జరిగిన పరిశోధనలను ఓపికగా చదివాను. ఈ రెండింటినీ కలిపి, పల్లెటూరి కుటుంబానికి ఈ సరుకు ఎంతవరకు పనికొస్తుందో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం. ఏ ఒక్క కంపెనీనీ ఇక్కడ పొగడటం లేదు, తెగడటం లేదు; పాకెట్ మీద పేరు ఏదైనా, లోపల ఉన్నదేమిటన్నదే చూస్తున్నాను.

ముందుగా ఆ లోపలి సంగతి. మనం రోజూ వాడే ఉప్పు దాదాపు మొత్తం సోడియం క్లోరైడే. అందులో బరువు ప్రకారం సుమారు 40 శాతం సోడియం ఉంటుంది. తక్కువ సోడియం ఉప్పులో ఈ సోడియం క్లోరైడ్‌లో కొంత భాగాన్ని తీసేసి, దాని స్థానంలో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. సోడియం ఎక్కువైతే శరీరం నీటిని పట్టి ఉంచుతుంది, రక్తనాళాల మీద ఒత్తిడి పెరుగుతుంది; పొటాషియం మూత్రపిండాల ద్వారా సోడియాన్ని బయటికి పంపడానికి తోడ్పడుతుంది, నాళాలు కొంత సడలడానికీ సాయపడుతుంది. కాబట్టి ఇది ఉప్పు తగ్గించడం మాత్రమే కాదు, మన తిండిలో సాధారణంగా తక్కువగా ఉండే ఒక లవణాన్ని చేర్చడం కూడా. దీని మేలూ, దీని ప్రమాదమూ రెండూ ఆ పొటాషియం దగ్గరే ఉన్నాయి.

అసలు బీపీ పల్లెల సమస్యేనా అన్న సందేహం ఇప్పటికీ చాలామందిలో ఉంది. ఒళ్ళు వంచి పనిచేసేవాడికి బీపీ రాదు, అది కుర్చీలో కూర్చునేవాడి జబ్బు అన్న మాట రచ్చబండల దగ్గర తరచుగా వినిపిస్తుంది. దీనికి జవాబు మన గోదావరి జిల్లాల నుంచే వచ్చింది. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, దాదాపు లక్షా 80 వేల జనాభాలో, 2003-04 ప్రాంతంలో ఒక ఏడాది పాటు జరిగిన ప్రతి మరణాన్నీ నమోదు చేసి, కుటుంబ సభ్యులను అడిగి కారణాలు రాబట్టారు. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమం పేరుతో జరిగిన ఆ అధ్యయనంలో 1,354 మరణాలు లెక్కకు వచ్చాయి; వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే. అంటువ్యాధులే పల్లెల్ని తినేస్తున్నాయని అప్పటిదాకా చాలామంది అనుకుంటున్న రోజుల్లో, గుండెపోటూ పక్షవాతమూ మరణ కారణాల్లో అగ్రస్థానంలో నిలిచాయి. గుండెపోటుకూ పక్షవాతానికీ కూడా బీపీ ప్రధాన కారణాల్లో ఒకటి.

దేశం మొత్తం మీద చూస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్ళు దాటిన స్త్రీలలో దాదాపు 21 శాతం, పురుషులలో 24 శాతం మందికి బీపీ ఎక్కువగా ఉంది లేదా దానికి మందులు వాడుతున్నారు. అంతకుముందు, 2014లో భారతదేశంలోని పాత అధ్యయనాలన్నిటినీ కలిపి విశ్లేషించిన ఒక వ్యాసం గ్రామాలకు సంబంధించి మరింత కలవరపెట్టే సంగతి చెప్పింది: బీపీ ఉన్న గ్రామీణుల్లో తమకు ఆ జబ్బు ఉందని తెలిసినవారు నాలుగింట ఒక వంతే, బీపీ అదుపులో ఉన్నవారు పదింట ఒక వంతు. ఆ తర్వాతి సంవత్సరాల్లో గ్రామస్థాయి పరీక్షలు పెరిగాయి కానీ, ఈ అంతరం పూడిపోయిందని ఊళ్ళలో తిరిగేవారెవరూ అనలేరు. తల తిరగడం లేదు, నొప్పి లేదు, మరి ఎందుకు మాత్ర అన్న ప్రశ్నే దీనికి మూలం.

ఇటువంటి చోట ఉప్పు మార్పిడి ఎందుకు ఆకర్షణీయమో చెప్పడం తేలిక. మాత్ర వేసుకోవాలంటే ముందు జబ్బు ఉందని తెలియాలి, తర్వాత గుర్తుంచుకోవాలి, తర్వాత అయిపోయినప్పుడల్లా తెచ్చుకోవాలి. ఉప్పు డబ్బాలో ఉన్నది మారిస్తే తెలిసినవారికీ తెలియనివారికీ ఒకేసారి అందుతుంది. పైగా యూరప్, అమెరికాల్లో ప్రజలు తినే సోడియంలో ఎక్కువ భాగం ఫ్యాక్టరీల నుంచి వచ్చే ఆహారంలోనే దాగి ఉంటుంది, వంటింటి ఉప్పు మార్చినా అక్కడ పెద్దగా ఫలితం ఉండదు. మన పల్లెల్లో అలా కాదు. ఉప్పులో అధిక భాగం ఇంటి ఇల్లాలి చేతి మీదుగానే పప్పులోకీ, కూరలోకీ, చారులోకీ వెళ్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 24 గంటల మూత్రాన్ని సేకరించి చేసిన ఒక సర్వేలో సగటు మనిషి రోజుకు సుమారు 9.5 గ్రాముల ఉప్పు తింటున్నట్టు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 5 గ్రాములు. అంటే దాదాపు రెట్టింపు.

ఇక ఈ సరుకుపై నాకు నమ్మకం కలిగించిన పరిశోధన మన తెలంగాణలోనే, సిద్దిపేట ప్రాంతంలోని ఏడు గ్రామాల్లో జరిగింది. బీపీ ఉన్న 502 మందిని చీటీలు వేసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు మామూలు ఉప్పు, మరో జట్టుకు 70 శాతం సోడియం క్లోరైడ్, 30 శాతం పొటాషియం క్లోరైడ్ కలిసిన ఉప్పు ఇచ్చారు. ఎవరికి ఏది వెళ్తున్నదో తిన్నవారికీ తెలియదు, బీపీ కొలిచినవారికీ తెలియదు. మూడు నెలల తర్వాత చూస్తే, మిశ్రమ ఉప్పు వాడినవారిలో పై బీపీ మామూలు ఉప్పు వాడిన జట్టు కంటే సగటున 4.6 పాయింట్లు, కింది బీపీ 1.1 పాయింట్లు ఎక్కువగా తగ్గింది. 2021లో వెలువడిన ఈ ఫలితాన్ని నేను ఎక్కువగా గౌరవించడానికి కారణం, ఇది మనలాగే పప్పూ పచ్చడీ తినే ఊళ్ళలో, మన పొయ్యిల మీద జరిగింది కాబట్టి.

నాలుగున్నర పాయింట్లు ఒక లెక్కా అని ఎవరైనా అడగవచ్చు. చైనాలో అయిదు ప్రావిన్సుల్లోని 600 గ్రామాల్లో జరిగిన మరో పరిశోధన ఆ ప్రశ్నకు జవాబు. పక్షవాతం వచ్చినవారు, లేదా 60 ఏళ్ళు దాటి బీపీ సరిగా అదుపులో లేనివారు, దాదాపు 21 వేల మంది అందులో ఉన్నారు. సగం గ్రామాలకు 25 శాతం పొటాషియం క్లోరైడ్ కలిసిన ఉప్పు ఇచ్చి, సుమారు అయిదేళ్ళు గమనించారు. అక్కడ పై బీపీలో వచ్చిన తేడా 3.3 పాయింట్లే. అయినా పక్షవాతాలు 14 శాతం, గుండె రక్తనాళాల పెద్ద ప్రమాదాలన్నీ కలిపి 13 శాతం, మరణాలు 12 శాతం తగ్గాయి. ఒక మనిషి బీపీ యంత్రంలో కనిపించీ కనిపించని తేడా, వేలమందిలో ఏళ్ళ తరబడి నిలిస్తే ఎంత మేలు చేస్తుందో ఇంత స్పష్టంగా చూపిన గ్రామీణ పరిశోధన మరొకటి నాకు కనబడలేదు. పెరూ దేశంలో తుంబెస్ అనే ప్రాంతంలోని ఆరు పల్లెల్లో ఇటువంటి ఉప్పే ఊరందరికీ ఇచ్చి చూశారు. అక్కడ తేడా ఇంకా చిన్నది, దాదాపు 1.3 పాయింట్లు, కానీ అప్పటిదాకా బీపీ లేనివారిలో కొత్తగా బీపీ రావడం సగానికి సగం తగ్గింది.

ఈ పరిశోధనల్లో వాడిన ఉప్పులూ, మన దుకాణాల్లో దొరికే ఉప్పులూ ఒకటేనా అన్నది కొనేవారు మొదట వేసుకోవలసిన ప్రశ్న. ఒకటి కాదు. మార్కెట్లో సులువుగా దొరికే రకాల్లో కొన్ని 15 శాతం సోడియం మాత్రమే తగ్గించినవి. సిద్దిపేట పరిశోధనలో వాడినది అందుకు రెట్టింపు. రోజుకు 9.5 గ్రాముల ఉప్పు తినే మనిషి అంతే పరిమాణంలో 15 శాతం తగ్గించిన ఉప్పు తింటే, అతని సోడియం సుమారు 3.7 గ్రాముల నుంచి 3.2 గ్రాములకు దిగుతుంది. 30 శాతం తగ్గించినదైతే 2.6 గ్రాములకు వస్తుంది, దాంతోపాటు దాదాపు ఒకటిన్నర గ్రాముల పొటాషియం అదనంగా చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన సోడియం హద్దు 2 గ్రాములని గుర్తుంచుకుంటే, మెరుగైన రకం వాడినా మనం ఇంకా హద్దు పైనే ఉన్నామని అర్థమవుతుంది. ఎండలో పనిచేసేవాళ్ళకు ఉప్పు తగ్గితే నీరసం వస్తుందేమోనని భయపడేవారికి కూడా ఈ లెక్కే సమాధానం.

నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెప్పాలంటే, 15 శాతం రకానికి అదనపు డబ్బు పెట్టడం దండగ. అంతమాత్రం తగ్గింపు మామూలు ఉప్పునే చేయి కాస్త వెనక్కి తీసి వేసుకుంటే పైసా ఖర్చు లేకుండా వస్తుంది. కొంటే 25 నుంచి 30 శాతం పొటాషియం క్లోరైడ్ ఉన్నదే కొనాలి. అంతకు మించి ఉన్నవి కూడా ఉంటాయి కానీ, వాటి రుచి మన నాలుకకు పట్టదు, వాటిలో ప్రమాదపు పాలు కూడా ఎక్కువ. అయోడిన్ కలిపినదో కాదో కూడా చూసుకోవాలి. గొంతువాపు జబ్బును (గాయిటర్‌ను) దూరం పెట్టిన అయోడిన్‌ను బీపీ కోసం వదులుకోవడం అర్థంలేని బేరం.

రుచి విషయానికి వస్తే, పొటాషియం క్లోరైడ్‌కు ఒక సన్నని చేదు, నాలుక చివర లోహపు రుచి వంటిది ఉంటుంది. మా ఇంటి అనుభవంలో చింతపండు పడిన ఏ వంటలోనూ అది తెలియలేదు. పప్పుచారు, పులుసు, గోంగూర పప్పు, టమాటా కూర, వీటిలో తేడా ఉందని చెప్పినా ఎవరూ నమ్మలేదు. కారం దట్టంగా పడే కోడికూరలోనూ అంతే. తేడా బయటపడేది చప్పని పదార్థాల్లో: మజ్జిగలో, పెరుగన్నంలో, ఉడకబెట్టిన గుడ్డు మీద చల్లుకున్నప్పుడు. మజ్జిగలో మొదటి వారం అందరూ మొహం చిట్లించారు. తర్వాత నిమ్మరసం, కాస్త జీలకర్ర పొడి చేరిస్తే గొడవ సద్దుమణిగింది. అంబలి తాగేవారికి ఇది ఇంకా తెలుస్తుంది, ఎందుకంటే అందులో ఉప్పు తప్ప మరో రుచి పెద్దగా ఉండదు. వంటచేసేవారు జాగ్రత్తపడవలసిన సంగతి మరొకటి ఉంది. ఈ ఉప్పు నోటికి కాస్త తక్కువ ఉప్పగా తోస్తుంది. చాల్లేదని మరో అర చెంచా వేస్తే, డబ్బు ఇచ్చి కొన్న తగ్గింపంతా ఆ అర చెంచాలో పోతుంది. అందుకే మా ఇంట్లో గుప్పిట్లోంచి విసరడం మానిపించి, డబ్బాలో ఒక చిన్న చెంచా పెట్టాం.

పచ్చళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఈ ఉప్పు చేతులెత్తేస్తుందనే చెప్పాలి. ఆవకాయ, మాగాయ, ఊరమిరపకాయలు, వడియాలు వంటివాటిలో ఉప్పు పని రుచి ఒక్కటే కాదు, పాడవకుండా నిలబెట్టడం కూడా. ఏడాది పొడుగునా నిలవాల్సిన జాడీ మీద ప్రయోగం చేసే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. వాటికి పాత దొడ్డుప్పే వాడాం. దాని ఫలితమేమిటంటే, కూరలో తగ్గించిన సోడియం కొంత ఆవకాయ బద్దతో తిరిగి కంచంలోకి వస్తుంది. ఎండుచేపలు, అప్పడాలు, బస్టాండు దగ్గరి మిక్చర్ పొట్లం సంగతీ అంతే. ఉప్పు పాకెట్ మార్చి, పచ్చడి ముద్ద పరిమాణం మార్చనివారికి పరిశోధనల్లో చెప్పిన ప్రయోజనం పూర్తిగా దక్కుతుందని నేను అనుకోను. పచ్చడి మానమని తెలుగువాడికి చెప్పడం ఎవరి తరమూ కాదు కాబట్టి, ముద్దముద్దకూ నంజుకోవడం తగ్గించి చివరి ముద్దలకు పరిమితం చేయడమే జరిగే పని.

ధర మా ప్రాంతంలో మామూలు పాకెట్‌కు కనీసం రెట్టింపు. పొటాషియం శాతం పెరిగేకొద్దీ ఇంకా పైకి వెళ్తుంది. నలుగురున్న ఇంటికి నెలకు కిలో నుంచి కిలోన్నర దాకా పడుతుంది కాబట్టి అదనపు భారం నెలకు కొన్ని పదుల రూపాయల్లో ఉంటుంది. బీపీ మాత్రల ఖర్చుతోనో, పక్షవాతం వస్తే పట్నం ఆసుపత్రిలో అయ్యే ఖర్చుతోనో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. కానీ కూలీ డబ్బుల మీద నడిచే ఇంట్లో ఉప్పుకు ఇంత పెట్టడం సహజంగా తోచదు, ఆ మాట కొట్టిపారేయదగినదీ కాదు. దొరకడం కూడా సమస్యే: ఊళ్ళోని చిన్న దుకాణంలో ఉండదు, మండల కేంద్రంలో ఒక నెల ఉంటే మరో నెల ఉండదు. తేమకు గడ్డకట్టే గుణం వానాకాలంలో చికాకు పెట్టింది కానీ, మూత గట్టిగా ఉన్న డబ్బా దానికి చాలు.

ఇక్కడి నుంచి చెప్పేది ఈ సమీక్షలో అతి ముఖ్యమైన భాగం. ఈ ఉప్పు అందరికీ కాదు. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు అదనపు పొటాషియాన్ని మూత్రంలోకి పంపేస్తాయి. దెబ్బతిన్న మూత్రపిండాలు ఆ పని సరిగా చేయలేవు, అప్పుడు రక్తంలో పొటాషియం పేరుకుని గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదికే రావచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతగా పాతుకుపోయిందో తెలుగువారందరికీ తెలుసు. అటువంటి ప్రాంతంలో క్రియాటినిన్ పరీక్ష (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష) లేకుండా ఈ పాకెట్ ఇంటికి తేవడాన్ని నేను ఏ విధంగానూ సమర్థించను. ఉద్దానం ఒక్కటే కాదు. ఏళ్ళ తరబడి షుగర్, బీపీ ఉన్నవారి మూత్రపిండాలు వారికి తెలియకుండానే పాడవుతాయి. నడుము నొప్పికీ కీళ్ళ నొప్పికీ డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు చాక్లెట్లలా మింగే అలవాటు వ్యవసాయ కూలీలలో విపరీతం. అవి బీపీనీ పెంచుతాయి, కిడ్నీనీ దెబ్బతీస్తాయి. అలాంటి మనిషికి పైనుంచి పొటాషియం చేర్చడం మంచిది కాదు.

మందుల సంగతి కూడా ఉంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్ వంటి సాధారణ బీపీ మాత్రలు శరీరంలో పొటాషియాన్ని కొంత నిలిపి ఉంచుతాయి. స్పైరనోలాక్టోన్ వంటివి మరింతగా నిలుపుతాయి. మొదటి రకం మాత్రలు వేసుకునేవారు వైద్యుణ్ణి అడిగి, రక్తపరీక్ష చేయించుకుని మొదలుపెట్టాలి. రెండో రకం వాడేవారు ఈ ఉప్పు జోలికే పోకూడదు. మా అమ్మ టెల్మిసార్టాన్ వాడుతుంది కాబట్టి, పాకెట్ విప్పకముందే క్రియాటినిన్, పొటాషియం రెండూ చూపించాం; వాడుతున్న కాలంలోనూ మళ్ళీ పరీక్ష చేయించాం. చైనా గ్రామాల పరిశోధనలో ప్రమాదకరమైన పొటాషియం పెరుగుదల కేసులు ఎక్కువ కాలేదన్నది నిజమే, కానీ ఆ పరిశోధనలోకి తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నట్టు తెలిసినవారినీ, స్పైరనోలాక్టోన్ వంటి మందులు వాడేవారున్న ఇళ్ళనూ మొదటే తీసుకోలేదన్నది మరవకూడదు. అందరికీ క్రమం తప్పకుండా రక్తంలో పొటాషియం కొలిచిందీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకం కూడా ఈ ఉప్పును పెద్దవారికి షరతులతోనే సూచించింది. గర్భిణులను, పిల్లలను, మూత్రపిండాల సమస్య ఉన్నవారిని ఆ సూచన నుంచి మినహాయించింది.

ఈ మినహాయింపు కాగితం మీద తేలికగా ఉంటుంది, ఉమ్మడి వంటింట్లో కాదు. ఒకే గిన్నెలో వండే పప్పును తాతా తింటాడు, మనవడూ తింటాడు, కడుపుతో ఉన్న కోడలూ తింటుంది. ఇంట్లో ఒక్కరికి పనికిరాకపోయినా, ఆ ఉప్పు వంటకు పనికిరానట్టే. మా పెద్దమ్మకు క్రియాటినిన్ ఎక్కువగా ఉంది. ఆమె పండగలకు వచ్చి ఉన్నన్నాళ్ళూ మేము పాత ఉప్పుకే తిరిగిపోతాం. రెండు రకాలుగా వండుదామని ఒకసారి అనుకున్నాం కానీ, పది మంది కూర్చునే పంక్తిలో ఏ గిన్నెలో ఏది ఉందో గుర్తుపెట్టుకోవడం మీద ఒక మనిషి ప్రాణాన్ని పందెం కాయలేం.

పని చేసిందా అన్న ప్రశ్నకు ఇంటి బీపీ యంత్రం జవాబు చెప్పలేదు, చెప్పజాలదు కూడా. మోచేతి పైన పట్టీ చుట్టే రకం యంత్రంతో, అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుని, వీపు ఆనించి, ఒక నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచినా, ఒకే మనిషికి ఉదయానికీ సాయంత్రానికీ పది పాయింట్ల తేడా రావడం మామూలే. నాలుగున్నర పాయింట్ల సగటు తగ్గుదల ఆ ఊగిసలాటలో కలిసిపోతుంది. మా అమ్మ పై బీపీ ఈ కాలంలో తగ్గింది. కానీ అదే సమయంలో వైద్యుడు మాత్ర మోతాదు మార్చాడు కాబట్టి, ఆ తగ్గుదలను ఉప్పు ఖాతాలో రాయడం నిజాయితీ అనిపించుకోదు. ఈ ఉప్పు వాడి వారంలో బీపీ తగ్గిందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. మేలు ఉన్నది వందలమందిని పోల్చి చూసిన లెక్కల్లో; కొనేవారు ఆ లెక్కల మీద నమ్మకంతో కొనాలి తప్ప యంత్రంలో అంకె చూసి కాదు.

మాత్రకు ఇది ప్రత్యామ్నాయం కాదని చెప్పడానికి కూడా గ్రామాల పరిశోధనే ఆధారం. చైనాలోనే 326 గ్రామాల్లో, దాదాపు 34 వేల మంది బీపీ రోగులతో మరో పరిశోధన జరిగింది. అక్కడ ఊరి వైద్యులకు శిక్షణ ఇచ్చి, పై బీపీ 130 లోపు వచ్చేదాకా మందులు సర్దే బాధ్యత అప్పగించారు, పై స్థాయి వైద్యుల పర్యవేక్షణ ఉంచారు, మందులు తక్కువ ధరకు అందించారు. ఏడాదిన్నరకు ఆ గ్రామాల్లో పై బీపీ మిగతా గ్రామాల కంటే 14.5 పాయింట్లు ఎక్కువగా తగ్గింది. ఉప్పు ఇచ్చే 4.6కూ, మాత్రలు క్రమంగా అందితే వచ్చే 14.5కూ మధ్య ఉన్న దూరం చాలు, రెండింటిలో ఏది ముందో తేల్చుకోవడానికి. అయితే మందుల దారి కూడా తనంతట తాను పనిచేయదు. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని గ్రామాల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, ప్రమాదం ఎక్కువున్నవారిని గుర్తించి వైద్యుడి దగ్గరికి పంపే ఏర్పాటు చేశారు. చికిత్స కోసం వెళ్ళినవారు పెరిగారు కానీ, బీపీ అదుపులోకి వచ్చినవారి శాతంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గుర్తించడం ఒక మెట్టు, నెలనెలా మాత్ర చేతికందడం, మోతాదు సరిచూడటం మరో మెట్టు. ఆ రెండో మెట్టు దగ్గరే మన ఊళ్ళు ఆగిపోతున్నాయి.

పోటీ సరుకుల గురించి కూడా ఒక మాట. సైంధవ లవణం, గులాబీ రంగు హిమాలయ ఉప్పు బీపీకి మంచివని చెప్పి కిలో వందలకు అమ్ముతున్నారు. వాటిలోనూ అత్యధిక భాగం సోడియం క్లోరైడే. రంగునిచ్చే ఖనిజాలు అతి స్వల్పం. బీపీ విషయంలో వాటిని మామూలు ఉప్పుగానే లెక్కించాలి. దొడ్డుప్పు వాడేవారికి అయోడిన్ కూడా దక్కకపోవచ్చు. ఈ వరుసలో ఆధారాలు ఉన్నది పొటాషియం కలిపిన ఉప్పుకు మాత్రమే.

ఈ సరుకును ఎవరు కొనాలంటే: ఇంట్లో బీపీ ఉన్నవారు ఉండి, అందరి మూత్రపిండాలూ బాగున్నాయని పరీక్షలో తేలి, గర్భిణులూ చిన్నపిల్లలూ ఆ గిన్నెలో తినని ఇల్లు అయితే, 30 శాతం రకం డబ్బుకు తగిన సరుకే. పక్షవాతం వచ్చి కోలుకున్న పెద్దవారున్న ఇంటికి, వైద్యుడు సరేనంటే, ఇంకా ఎక్కువగా సిఫార్సు చేస్తాను. క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవడానికి వీలులేనివారు, పరీక్ష అయ్యేదాకా మామూలు అయోడైజ్డ్ ఉప్పునే తక్కువ వేసుకోవడం క్షేమం.

తయారీదారుల మీద నాకున్న ప్రధాన అసంతృప్తి లేబుల్ గురించి. నేను చూసిన పాకెట్లలో ఆరోగ్యం, గుండె అన్న మాటలు ముందు వైపు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. కిడ్నీ జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి సంప్రదించాలన్న హెచ్చరిక వెనక వైపు, ఇంగ్లీషులో, కళ్ళజోడు ఉన్నా కనిపించనంత చిన్నగా ఉంది. పొటాషియం క్లోరైడ్ ఎంత శాతమో వెతుక్కోవలసి వచ్చింది. ఎవరి కోసం ఈ ఉప్పు తయారవుతున్నదో, ఆ అరవై ఏళ్ళు దాటిన పల్లెటూరి మనిషి చదవలేని లేబుల్ అది. సోడియం శాతం, పొటాషియం శాతం, ఎవరు వాడకూడదన్న వాక్యం, ఈ మూడూ పాకెట్ ముందు వైపున తెలుగులో అచ్చు వేయాలి. అంతవరకూ కొనేవారు దుకాణంలోనే పాకెట్ తిప్పి చూసి, అర్థం కాకపోతే ఆశా కార్యకర్తకో, ఆరోగ్య ఉపకేంద్రంలోని ఏఎన్ఎమ్‌కో చూపించి, తాము వేసుకునే మాత్రల పేర్లు కూడా చెప్పి అడగాలి.